మూల నుంచి తీసిన ఫోటో

సినిమావాళ్లకి లొకేషన్లు వెతికిపెట్టే పనిలోనే బాబాయ్‌కి తల నెరిసింది. యూనిట్‌లో లైట్లు మోసేవాళ్ల దగ్గర్నుంచి హీరో దాకా అందరికీ ఆయన బాబాయే. బడికి ఏడో తరగతిలోనే దణ్ణం పెట్టేసి, ఫోటో స్టూడియోలో తొట్లు కడిగే పనికి కుదిరి, అక్కణ్నుంచి పాక్కుంటూ పాక్కుంటూ ఇక్కడి దాకా వచ్చినవాడు. చదువు లేదన్న దిగులు ఎలాగూ ఉండేది. అయితే గదిలో అడుగుపెట్టగానే ఆ గది సంతోషంగా ఉందో, ముఖం మాడ్చుకుని ఉందో చెప్పగలగడం ఏ కాలేజీలోనూ నేర్పరని లోపల చిన్న గర్వం కూడా ఉండేది.

కొత్త చోటికి వెళ్తే ముందు కెమెరా సంచి తెరవడు. కూర్చుంటాడు. ఇంటివాళ్లు ఏం చెయ్యాలో తోచక మంచినీళ్లు తెచ్చిస్తే తాగుతాడు. వెలుతురు ఎటునుంచి వస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో చూస్తాడు. అప్పుడు లేచి మూడు ఫోటోలు తీస్తాడు. గుమ్మంలోంచి ఒకటి, కిటికీ పక్కనుంచి ఒకటి. మూడోది మాత్రం ఆ ఇంట్లో మనుషులు రోజూ కూర్చునే మూల నుంచి, నేల మీద చతికిలబడి తీస్తాడు. "గుమ్మంలోంచి చూసేది చుట్టాలు. మూల నుంచి చూసేది కాపురం చేసేవాళ్లు. ఇల్లెలాంటిదో వాళ్లనడగాలి" అంటాడు. మూతబడ్డ లాడ్జి గది అలిగినట్టుంటుందనీ, ఆస్పత్రి వరండా ఎంత రద్దీగా ఉన్నా ఎవర్నీ గుర్తుపట్టనట్టుంటుందనీ, బస్సు డిపో వెనకాల టైర్లు పేర్చిన జాగా మధ్యాహ్నం పూట మాట పడి ఊరుకున్న మనిషిలా ఉంటుందనీ ఆయన చెప్తుంటే పాతకాలం డైరెక్టర్లు టీ చల్లారబెట్టుకుని మరీ వినేవాళ్లు.

ఈమధ్య వినేవాళ్లు తగ్గారు. కుర్చీలోంచి లేవకుండా కంప్యూటర్లో ఇళ్లకి ఇళ్లు చూపించేవాళ్లు వచ్చారు. "నువ్వు మూలలో కూర్చుని లేచేలోపు వాళ్లు ఊరంతా చుట్టేసి వస్తున్నారు బాబాయ్" అని ప్రొడక్షన్ మేనేజర్ నవ్వుతూనే అంటాడు. ఆ నవ్వులో ఎంత నిజం ఉందో బాబాయ్‌కి తెలుసు.

అలాంటి రోజుల్లో ఈ సినిమా వచ్చింది. డైరెక్టర్ సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. బాబాయ్‌కి కొడుకంత వయసు ఉంటుంది.

"నాకు పేద ఇల్లు వద్దండీ. పేదరికం అందరూ తీశారు. ఓడిపోయిన ఇల్లు కావాలి. ఏడ్చే ఇల్లు కాదు. ఏడవడం కూడా మానేసిన ఇల్లు" అన్నాడు.

బాబాయ్ తిరిగాడు. రైల్వే క్వార్టర్లు చూపించాడు. "ఇది కోపంగా ఉందండీ" అన్నాడు డైరెక్టర్. మూసేసిన మిల్లు వెనక ఇళ్లు చూపించాడు. "ఇది భయపెడుతోంది." పాత లాయరు గారి మేడ చూపించాడు. "ఇది తన్ని తను చూసుకుని మురిసిపోతోందండీ." ప్రతిసారీ ఆ పిల్లవాడు అన్నది సరిగ్గా ఉండటం బాబాయ్‌కి ఇంకా చిరాకు. చివరికి మేనేజర్ భుజమ్మీద చెయ్యేసి, "ఈ వారం చూస్తా బాబాయ్. తర్వాత వేరేవాళ్లకి చెప్పుకుంటా. ఏమనుకోకు" అన్నాడు. భుజమ్మీద చెయ్యేసి చెప్పే మాటలు ఎలాంటివో ఆ లైన్లో అందరికీ తెలుసు. ఈ పని పోతే ఇంకో పని రాదు.

ఆ మధ్యాహ్నమే కాళ్లీడ్చుకుంటూ తిరుగుతుంటే, అక్క ఇల్లు రెండు సందుల అవతలే అని గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, ఎప్పుడూ తెలుసు. వెళ్లడు, అంతే. ఆకలి వేస్తోంది కాబట్టి వెళ్లాడు.

అక్క ఇల్లు ఒక పెద్ద బిల్డింగు వెనక నక్కినట్టుంటుంది. ముందు గది బావది. ఆయన మోటార్లకి వైండింగ్ కడతాడు. చూపు మందగించాక పని తగ్గింది గాని, రాగితీగ చుట్టలు, వార్నిష్ వాసన అలాగే ఉన్నాయి. మధ్యగదికి ఒకే కిటికీ. అది తెరిస్తే చెయ్యి చాచినంత దూరంలో పక్క బిల్డింగు గోడ. పైనెక్కడో పడ్డ ఎండ ఆ గోడకి తగిలి, జారి, ఎవరో వాడుకుని వదిలేసినట్టు లోపలికి వస్తుంది.

"ఇన్నాళ్లకి దారి తెలిసిందా?" అంది అక్క. అంతకుమించి నిష్ఠూరమాడలేదు. కడుపు నిండా పెట్టింది. తిన్నాక బాబాయ్ ఫ్యాను గాలి తగులుతుందని అక్క రోజూ కూర్చునే మూలలో గోడకి చేరగిలబడ్డాడు. తలెత్తి చూశాడు.

వెతుకుతున్నది దొరికినప్పుడు వీపు మీద చీమ పాకినట్టుంటుంది ఆయనకి. పాకింది.

కిటికీ కింద అక్క అటు తిరిగి కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆవిడ తల మీదుగా గోడ నిండా ముదురు గోధుమరంగు మరక. ఆ మరక బాబాయ్ పెట్టిందే. స్టూడియోలో పనిచేసే రోజుల్లో ఆయన ఉన్నది ఈ ఇంట్లోనే, ఈ గదిలోనే. బావ కిటికీకి నల్లగుడ్డ కట్టి చీకటి చేసి ఇస్తే, ఇక్కడే తొట్లు పెట్టుకుని ఫోటోలు కడిగేవాడు. ఆ మందునీళ్లు చింది చింది గోడలోకి ఇంకిపోయాయి. ఎన్ని సున్నాలు వేసినా ఆ మరక పైకి తేలుతూనే ఉంది. ఇప్పుడు మధ్యాహ్నపు వెలుతురులో ఆ మరక, దాని కింద ఆ భుజాలు, పక్కన మూతపడని అలమర తలుపు. డబ్బు పోసి కట్టించినా ఇలాంటిది రాదు.

చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్లింది.

చప్పుడు విని బావ గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటి బావమరిదీ, మా ఇల్లు కూడా ఫోటోకెక్కుతోందా? మాకు చెప్పకుండా ఎవరికైనా బేరం పెడుతున్నావా ఏంటి?"

"కొత్త లెన్సు బావా. ఊరికే చూస్తున్నా."

"చూడు, చూడు. మీ అక్కనీ ఒకటి తియ్యి. పెళ్లిఫోటోలో నా పక్కన సన్నగా ఎవరో ఉంది. ఆవిడెవరో, ఎటు పోయిందో, ఇప్పటికీ తెలీదు."

"మీకు కళ్లు కనపడవు గాని కబుర్లకేం లోటు లేదు" అంది అక్క వెనక్కి తిరక్కుండానే. ముగ్గురూ నవ్వారు. అప్పటికే ఆ ఫోటో తీసేశాడని ఆవిడ చూసుకోలేదు.

మర్నాడు ఆఫీసులో డైరెక్టర్ ఆ ఫోటోని పెద్దది చేసి మూలమూలా చూశాడు. తర్వాత తెర మీద వేలు పెట్టి, "ఈవిడెవరండీ?" అన్నాడు.

మా అక్క. ఎంతసేపు, రెండు మాటలు. బాబాయ్ నాలుక చివర్నే ఉన్నాయి. ఈలోపు డైరెక్టర్ తనలో తను అనుకుంటున్నట్టు, "ఆ భుజాలు చూడండి. ఎన్నేళ్లుగా ఎవరూ పలకరించలేదో" అన్నాడు. మేనేజర్ పక్కన నిలబడి హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. ఇలాంటి ఇంట్లో ఉన్న మనిషికి తమ్ముణ్నని ఎలా చెప్పడం? చెప్తే, మరి నువ్వేం చేస్తున్నావని అడగరా? నోటితో అడగకపోయినా కళ్లతో అడుగుతారు.

"ఎవరో సార్. ఆ ఇంటావిడ. మోటారు బాగుచేయించుకోవడానికి వెళ్తే పరిచయం."

అక్కడితో ఆగినా సరిపోయేది. కాని డైరెక్టర్ వింటున్నాడు. ఎన్నాళ్లకో ఒకడు టీ చల్లారబెట్టుకుని వింటున్నాడు. బాబాయ్‌కి పాత ఉత్సాహం వచ్చింది.

"పిల్లల్లేరు సార్. మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడం మానేసి ఏళ్లయింది. ఆయన ముందుగదిలో, ఈవిడ ఈ మూల. పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా గోడ చూస్తూ కూర్చుంటుంది. ఆ ఇంటికి ఎవరూ రారు సార్."

పిల్లల్లేరన్నది నిజం. మాట్లాడుకోరన్నది పచ్చి అబద్ధం. రారన్నది నిజమో అబద్ధమో ఆ క్షణాన ఆయన ఆలోచించలేదు. సరుకు అమ్ముడుపోయింది. మేనేజర్ బయటికొచ్చి వీపు తట్టాడు.

షూటింగు సంగతి చెప్పగానే అక్క సంతోషం పట్టలేకపోయింది. చెంగున లేచి పక్కింటావిడకి చెప్పబోయి, మళ్లీ ఆగి తమ్ముడి ముఖంలోకి చూసింది.

"ఇన్ని ఇళ్లుండగా మా ఇంట్లో ఏం చూశారురా వాళ్లు?"

"వెలుతురు అక్కా. మీ ఇంట్లో వెలుతురు బాగుంటుంది."

"నిజంగానా? నేనెప్పుడూ చీకటి కొంప అనుకుంటాను." ఆవిడ కిటికీ వైపు కొత్తగా చూసింది.

"ఇంకోటి. యూనిట్‌వాళ్ల ముందు మనం చుట్టాలమని బయటపెట్టకండి. సొంతవాళ్ల ఇల్లు ఇప్పించానని నన్ను ఆడిపోసుకుంటారు."

"అయితే నిన్ను బావమరిదీ అని పిలవకూడదా?" అన్నాడు బావ. "మరేమని పిలవాలి, దొరగారూ అనా?"

"అందరిలాగే బాబాయ్ అను బావా."

"నాకంటే చిన్నవాణ్ని పట్టుకుని బాబాయ్ అంటే, నా వయసేంటని అడుగుతారు నన్ను."

లొకేషన్ ఇచ్చే ప్రతి ఇంటివాళ్లకీ బాబాయ్ ఒక మాట తప్పకుండా చెప్తాడు. "మేం వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దు. బూజు కూడా దులపొద్దు." ఒకటికి రెండుసార్లు చెప్తాడు. ఎందుకంటే సినిమావాళ్లొస్తున్నారంటే మనుషులు ఊరుకోరు. రంగులేస్తారు, కొత్త పరదాలు కడతారు. ఇష్టపడి ఎంచుకున్న ఇల్లు తీరా వెళ్లేసరికి ఉండదు. అక్కకీ ఆ మాట చెప్పాలనే వచ్చాడు. నోరు తెరిచాడు. ముట్టుకోవద్దంటే ఎందుకంటుంది. ఉన్నది ఉన్నట్టే కావాలంటే, ఈ మరకలెందుకురా వాళ్లకి అంటుంది. ఏం చెప్తాడు? రేపు ఫోన్లో చెప్దాంలే అనుకుని లేచాడు. ఫోను చేసినప్పుడు అక్క అంత సంతోషంగా మాట్లాడింది, అప్పుడూ చెప్పలేదు. ఆవిడకి అంత ఓపికెక్కడిది, చెయ్యదులే అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు.

షూటింగు రోజు పొద్దున్నే ఆర్ట్ డైరెక్టర్‌ని, మేనేజర్‌ని తీసుకుని సందులోకి తిరగ్గానే పెయింటు వాసన తగిలింది. బాబాయ్ కాళ్లు అక్కడే నిలబడిపోయాయి.

"ఏం బాబాయ్?" అన్నాడు మేనేజర్.

"ఏం లేదు."

ఇల్లంతా లేత పచ్చరంగు. తలుపులు, అలమర నీలం రంగు. మధ్యగదిలో గోడ మీద మరక ఉన్న జాడ లేదు, దాని మీద ఎన్నిసార్లు పూశారో. బావ చూపు ఆనని చోటల్లా రంగు కిటికీ చువ్వల మీదికి కూడా పాకింది. కిటికీకి పూలపూల పరదా. పక్కింట్లోంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. బావ ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు గాని కనుబొమ్మ మీద పచ్చరంగు చుక్క అలాగే ఉంది. అక్క కొత్త బట్టల్లో ఎదురొచ్చింది.

"ఎలా ఉందిరా?" అని, నాలుక్కరుచుకుని, "ఎలా ఉందండీ?" అంది.

జవాబు మేనేజర్ నుంచి వచ్చింది. "ఎవడు వెయ్యమన్నాడు రంగు? బాబాయ్, చెప్పలేదా నువ్వు? ఇంతకాలం పనిచేసి ఆ ఒక్క ముక్క చెప్పలేదా?"

"ఆయన తప్పేం లేదండీ" అంది అక్క కంగారుగా. "మేమే వేసుకున్నాం. పదిమంది పెద్దవాళ్లొచ్చే ఇల్లు కదా, బాగుండాలని. ఏం, రంగు బాలేదా?"

"రంగు బానే ఉందమ్మా" అన్నాడు ఆర్ట్ డైరెక్టర్. లావుపాటి మనిషి, మంచివాడు. "మాకు ఈ ఇల్లు కాదు కావలసింది, పాతది. కంగారుపడకండి. పూటలో వెనక్కి తెచ్చేద్దాం."

వాళ్ల మనుషులు బకెట్లతో దిగారు. తీగబ్రష్షులతో గోడలు గీకారు. కాచిన టీ డికాక్షను, మసి, పాత ఇంజనాయిలు కలిపి గోనెపట్టాలతో అద్దడం మొదలుపెట్టారు. గుర్తుకోసం బాబాయ్ తీసిన ఫోటో పెద్దది చేయించి తెచ్చి గోడకి అంటించారు.

అక్క ఆ ఫోటో దగ్గరికి వెళ్లింది. మొదట గోడని గుర్తుపట్టింది. తర్వాత తన వీపుని గుర్తుపట్టింది. "ఇది ఆ రోజుది కదూ" అంది. ఎవర్నీ అడగలేదు. ఫోటోలో వెలుతురు ఎక్కడుందా అని వెతుకుతున్నట్టు కాసేపు చూసింది. బాబాయ్ అనవసరంగా సందులోకి వెళ్లి, అనవసరంగా తిరిగొచ్చాడు.

"అమ్మా, ఈ మరక కిందికి ఎంతవరకుండేది? ఫోటోలో మీరు అడ్డున్నారు" అన్నాడు ఆర్ట్ డైరెక్టర్.

అక్క వేలితో చూపించింది. "ఇక్కడి దాకా. ఇలా, గిన్నె బోర్లించినట్టు. ఈ పక్క కొంచెం ఎక్కువ."

"దేని మరకమ్మా, ఇంత ముదురు రంగు?"

బాబాయ్ కెమెరా సంచి తెరిచి, మళ్లీ మూశాడు.

"ఏవో నీళ్లండీ" అంది అక్క. "ఎప్పుడో కారాయి."

బావ ముందుగదిలో మోటారు ముందేసుకుని కూర్చున్నాడు. ఒకడు డికాక్షను బకెట్టు మోసుకుపోతుంటే, "నాయనా, స్టూలెక్కి నడుం విరగ్గొట్టుకుని వేశాను. ఇదంతా అక్కర్లేదని ముందే చెప్పుంటే, మీకోసం ఇంకా పాడుచేసి పెట్టేవాణ్ని" అన్నాడు. అతను నవ్వాడు. బావ నవ్వలేదు.

మధ్యాహ్నానికి ఇల్లు ఫోటోలోలాగే అయింది. నిజానికి ఫోటో కంటే కొంచెం ఎక్కువే అయింది. అప్పుడు డైరెక్టర్ వచ్చాడు. లోపలికి వస్తూనే అక్కని గుర్తుపట్టి దణ్ణం పెట్టాడు.

"మీరే కదమ్మా. మీ ఫోటో చూసిన రోజు నాకు నిద్రపట్టలేదు. బాబాయ్ మీ గురించి అంతా చెప్పారు."

"అలాగా. ఏం చెప్పారండీ?" అంది అక్క. ఆవిడ ముఖం మీద ఇంకా కొంచెం నవ్వు ఉంది.

డైరెక్టర్ చెడ్డవాడు కాదు. అందుకే గొంతు తగ్గించి మెల్లగా చెప్పాడు. "బాధపెట్టాలని కాదమ్మా. మీరూ ఆయనా మాట్లాడుకోవడం మానేసి ఏళ్లయిందని చెప్పారు. రోజంతా ఇక్కడే గోడ చూస్తూ కూర్చుంటారని. ఈ ఇంటికి ఎవరూ రారని. మా కథలో ఆవిడ కూడా అచ్చం మీలాగే ఉంటుంది."

ముందుగదిలో రాగితీగ చుట్టే చప్పుడు ఆగిపోయింది.

అక్క బాబాయ్ వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదని ఆయనకి అనిపించింది. "అవునండీ" అంది. "బాగానే కనిపెట్టారు."

"మోటారు బాగుచేయించుకోవడానికి వస్తే పరిచయమట కదా?"

"అవునండీ. అలాగే పరిచయం."

హీరోయిన్ రావడానికి ఇంకా టైముంది. ఈలోపు ఆ ఫోటోలో ఉన్న షాట్ తీసేద్దామన్నాడు డైరెక్టర్. వెనక నుంచే కాబట్టి ముఖం కనపడదు. ఆ భుజాలు ఇంకెవరికీ రావు. అమ్మగారే కూర్చుంటే బాగుంటుంది, కొత్త బట్టలు తీసేసి ఫోటోలోవి వేసుకుంటే చాలు. అక్క తలూపి వంటగదిలోకి వెళ్లింది. బాబాయ్ కాసేపాగి, కాళ్లూ చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వెనకాలే వెళ్లాడు. బావ కూడా తడుముకుంటూ వచ్చి గుమ్మాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"నేను మీ అక్కతో మాట్లాడటం ఎప్పుడు మానేశాను బావమరిదీ?" అన్నాడు మెల్లగా. "నాకు గుర్తు లేదు. నువ్వు చెప్పు."

"బావా, అది..."

"ఊరుకోండి. అవతల జనం ఉన్నారు" అంది అక్క. దండెం మీద బట్టలు తడిమి చూసింది. "ఆ రోజు వేసుకున్నవి నిన్ననే ఉతికాను. ఇంకా తడిగానే ఉన్నాయి. ఫరవాలేదా?"

"వద్దక్కా. నువ్వు కూర్చోవద్దు. నేను వాళ్లకి చెప్తాను."

"ఏం చెప్తావు?"

బాబాయ్ తలొంచుకున్నాడు.

"చెప్పరా. ఏం చెప్తావు? ఇన్నాళ్లూ తోచనిది ఇప్పుడేం తోచింది?" ఆవిడ గొంతులో కోపం లేదు. లెక్క తేలని పిల్లాణ్ని అడిగినట్టు అడిగింది. "వెలుతురన్నావు. నేను ఆ వెలుతురు కనపడాలనే రంగు వేయించాను. ముసలాయన్ని స్టూలెక్కించి నేను కింద పట్టుకున్నాను. ఇది కావాలని చెప్తే ఇదే ఉంచేదాన్ని కదరా. నీకోసం నేను ఏది కాదన్నాను?"

గదులు చూసి వాటి మనసు చెప్పగలిగిన మనిషికి, ఎదురుగా నిలబడ్డ అక్క ముఖం చూడటానికి ముఖం చెల్లలేదు. గిర్రున తిరిగి మధ్యగదిలోకి వచ్చాడు. డైరెక్టర్, మేనేజర్, కెమెరావాళ్లు, లైట్లవాళ్లు అందరూ ఉన్నారు. అందరూ వినేలాగే అన్నాడు.

"ఆవిడ మా అక్క సార్. తోడబుట్టిన అక్క. నేను పెరిగింది ఈ గదిలోనే. ఆ మరక నేను పెట్టిందే. వాళ్లు మాట్లాడుకోరని నేను చెప్పింది అబద్ధం."

ఏదో జరుగుతుందని బాబాయ్ ఎదురుచూశాడు. ఎవరైనా తిడతారేమో, ఛీ అంటారేమో, షూటింగు ఆపేస్తారేమో. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"ముందే చెప్పి ఉండాల్సిందండీ" అన్నాడు డైరెక్టర్ ఇబ్బందిగా. "ఎవరూ రారన్నది?"

"అది నిజమే సార్. ఉన్న చుట్టాన్ని నేనొక్కణ్నే."

మేనేజర్ వాచీ చూసుకున్నాడు. ఎవరో దగ్గారు. లైట్లవాడు ఇటుపెట్టాలా అటుపెట్టాలా అని అడిగాడు, ఎవరో ఇటే అన్నారు. అంతే. నోరు విప్పి చెప్పడానికి ఇన్నాళ్లు భయపడ్డ మాట వాళ్లకి ఒక పక్కకి జరిపిపెట్టే సామానులా ఉంది.

ఈలోపు అక్క వచ్చింది. ఆ తడి బట్టలే వేసుకుంది. తమ్ముడు అన్నది విందో లేదో తెలియదు. ఎవర్నీ అడక్కుండా కిటికీ కింద, అద్దిన మరక ముందు, ఫోటోలోలాగే అటు తిరిగి కూర్చుంది. బట్టల మూట దగ్గరికి లాక్కుంది. ఆర్ట్ డైరెక్టర్ మనుషులు ఆ గోడని అలా తయారుచేస్తున్నంతసేపూ బాగా నిటారుగా నిలబడిన మనిషి, ఇప్పుడూ అంత నిటారుగానే కూర్చుంది.

డైరెక్టర్ కెమెరా తెరలో చూశాడు. తలడ్డంగా ఊపాడు.

"వీపు బిగుసుకుపోయింది. ఫోటోలో అలా లేదు." తర్వాత ఏదో మంచి ఆలోచన తట్టినట్టు బాబాయ్ వైపు తిరిగాడు. నిజంగా మంచి ఉద్దేశంతోనే అన్నాడు. "మీ అక్కగారే కదా. మేం చెప్తే ఇబ్బందిపడతారు. మీరు చెప్పండి బాబాయ్. కొంచెం వంగమనండి, తల దించమనండి. ఓడిపోయినట్టు."

గదిలో అందరూ బాబాయ్ వైపు చూస్తున్నారు. గుమ్మంలోంచి బావ కూడా, సరిగా కనపడని కళ్లు చికిలించుకుని చూస్తున్నాడు. చెప్పనంటే ఏమవుతుందో బాబాయ్‌కి తెలుసు. ఈ షాట్ పోతుంది. మేనేజర్ మళ్లీ భుజమ్మీద చెయ్యేస్తాడు. చెప్పననడానికి అదొక్కటే అడ్డం. అంత చిన్న అడ్డం. దాన్ని దాటలేకపోయాడు.

"అక్కా."

"ఊఁ."

"తల కొంచెం దించు."

దించింది.

"ఇంకొంచెం" అన్నాడు డైరెక్టర్ తెరలోంచి కళ్లు తిప్పకుండా.

"ఇంకొంచెం అక్కా."

"మెడ నొప్పిరా తమ్ముడూ" అంది ఆవిడ గోడతో. "ఇంతకంటే వంగదు."

లైట్లవాళ్లు నవ్వారు. మంచి నవ్వే. ముసలావిడ చమత్కారంగా మాట్లాడిందని నవ్వారు. ఆ నవ్వు విని ఆవిడ భుజాలు, ఎవరూ చెప్పకుండానే, మెల్లగా కిందికి దిగాయి.

"అదీ" అన్నాడు డైరెక్టర్ తెర మీదికి వంగి. "అదే కావలసింది. తియ్యండి."

కెమెరా తిరిగింది. బాబాయ్ చూడలేక తల తిప్పుకున్నాడు. తిప్పుకున్న వైపు గుమ్మం ఉంది, గుమ్మంలో బావ ఉన్నాడు. ఆయన కనుబొమ్మ మీద పచ్చరంగు చుక్క ఇంకా ఉంది. తుడుచుకో బావా అని చెప్పాలనుకున్నాడు. ఆ ఒక్క మాటైనా చెప్పే హక్కు తనకి మిగిలిందో లేదో తెలియక, షాట్ అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.